ఏ మోటారు ఉంచాలో నేనే చెప్పాను

మొన్న మా మనవడు ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి నా ముందు పరిచాడు. రెండు ఖరీదైన స్టేషన్ వ్యాగన్లను పక్కపక్కన పెట్టి బొమ్మలు వేశారు. దేంట్లో ఎంతమంది పడతారు, వెనక ఎంత సామాను పడుతుంది, ఏది జోరుగా పోతుంది, ఏది ఎక్కువ పెట్రోలు తాగుతుంది, అన్నీ గళ్లు గీసి రాశారు. "తాతా, నువ్వయితే ఏది తీసుకుంటవు?" అన్నాడు. వాడికేం తెలుసు పాపం. ఇదే ప్రశ్న నన్ను ఒకసారి ఒక దొర అడిగాడు. నేను జవాబు చెప్పాను. మహా తెలివిగా చెప్పాననుకున్నాను కూడా.

ఈ ఊళ్లో నన్ను సాయుధ పోరాటంలో జైలుకు పోయినవాడంటారు. ఏడాదికొకసారి పిలిచి శాలువా కప్పుతారు. మైకు ఇస్తే అడవి సంగతులు, జైలు సంగతులు చెబుతాను. చప్పట్లు కొడతారు. ఇంటికొచ్చి పడుకుంటాను. ఈ సంగతి మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఆ సిగ్గు పోతుందన్న ఆశ లేదు. చచ్చేలోపు ఒకచోట రాసి పెడదామని, అంతే.

మాది జనగామ దగ్గర ఒక పల్లె. కమ్మరోళ్లం. యుద్ధం నడిచిన రోజుల్లో నేను సికింద్రాబాదు పోయి మిలటరీ కార్ఖానాలో మోటార్లు విప్పి బిగించడం, నడపడం నేర్చుకున్నాను. యుద్ధం అయిపోయాక పని పోయింది. ఊరికొస్తే మా దొర గడీకి పిలిపించాడు. "మోటరు నడుపుతవారా?" అన్నాడు. నడుపుతానన్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మోటారంటే పిచ్చి. దొర ఎలాంటివాడు, ఆ గడీ గోడల లోపల ఏం జరుగుతుంది అని ఆలోచించే బుర్ర ఎక్కడిది? ఇంజను చప్పుడు వింటే చాలు, అన్నం మరిచిపోయేవాణ్ని.

దొరకు ఒక పాత కారు ఉండేది. నలుగురు ఎక్కితే అయిదోవాడు ఒళ్లో కూర్చోవాలి. దొరకేమో మూడు రకాల ప్రయాణాలు. జనగామ స్టేషనులో రైలు దిగే చుట్టాలను సామానుతో సహా తేవాలి. మానుకోట దగ్గర ఉన్న రెండో గడీకి నెలకు నాలుగుసార్లు పోయి రావాలి. మహబూబాబాదును అప్పుడూ ఇప్పుడూ మేం మానుకోట అనే అంటాం. ఇక చలికాలం వస్తే భూపాలపల్లి దాటి కాటారం అడవికి వేటకు పోవాలి. ఈ మూడింటికీ పనికొచ్చే మోటారు కావాలన్నాడు. అప్పుడే తెల్ల అధికారులు దేశం విడిచిపోతూ తమ బండ్లు అమ్ముకుంటున్నారు. సికింద్రాబాదు నుంచి ఒక దళారి రెండు స్టేషన్ వ్యాగన్లను తోలుకొచ్చి గడీ ముందు నిలబెట్టాడు. పదిహేను రోజులు వాడి చూసి నచ్చింది ఉంచుకోమన్నాడు.

ఒకటి అమెరికాది. ఒళ్లంతా మెరుగు పెట్టిన కర్ర పలకలు, లోపల ఎర్ర తోలు సీట్లు మూడు వరుసలు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. వెనక తలుపు కిందికి వాలిస్తే బల్లలా నిలబడేది. ముందు చక్రాల మీద మడ్‌గార్డులు ఇంత వెడల్పు, తిన్నెల్లాగా. రెండోది ఇంగ్లండుది. దానికీ కర్ర పలకలే గాని మనిషి పొట్టి. రెండు వరుసల సీట్లు, నాలుగు సిలిండర్లు, సన్నటి మడ్‌గార్డులు. మేం పెద్దది, చిన్నది అని పిలుచుకున్నాం. "రెండూ నీ చేతిల పెడుతున్న. ఏది ఉంచాల్నో నువ్వే చెప్పాలె" అన్నాడు దొర. ఆ మాటకు నా కళ్లు నెత్తికెక్కాయి.

జనగామ స్టేషనుకు దొర అత్తగారి వాళ్లు ఏడుగురు వచ్చారు. పెట్టెలు, పరుపు చుట్టలు, ఊరగాయ జాడీలు. పెద్దది అందరినీ మింగేసి ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నట్టు నిలబడింది. చిన్నది రెండుసార్లు తిరిగింది. మానుకోట దారిలో పెద్దదాన్ని వదిలితే అబ్బబ్బ, దాని జోరే జోరు! పక్కన చింతచెట్లు కనిపించకుండా పోయేవి. చిన్నది గుట్ట ఎక్కేటప్పుడు మూలిగేది గాని ఎక్కడా ఆగేది కాదు. పెట్రోలు పర్మిటు మీద దొరికే రోజులు. చిన్నది సగం డబ్బాతో పోయిన దూరానికి పెద్దది డబ్బా ఖాళీ చేసేది. కాటారం అడవి బాటలో పెద్దదాని వెనక భాగంలో సీట్లు మడిస్తే రెండు దుప్పులు, డేరాలు, వంట సామాను పట్టాయి. నేనే పడుకుని చూశాను, ఆరడుగుల మనిషి కాళ్లు చాపుకోవచ్చు. మహదేవపూర్ కాడ గోదావరి ఇసుకలో మాత్రం అది ఇరుసుల దాకా దిగబడింది. ఇరవై మంది వెట్టివాళ్లు ఎండలో నెట్టారు. చిన్నదాన్ని ఆరుగురు బయటికి లాగారు.

ఇంకొకటి నాకై నేను చూసుకున్నాను. ఊరి బయట రోడ్డు మీద ఒక రాయి పెట్టి, రెండు బండ్లనూ ఒకే జోరుతో తెచ్చి, రాయి కాడ బ్రేకు తొక్కాను. చిన్నది ఇరవై అడుగుల్లో నిలిచింది. పెద్దది రాయి దాటి అంతకు మూడింతలు పోయింది, అదీ ఒక పక్కకు లాగుతూ. బరువు ఎక్కువ, బ్రేకులు పాతవి. దీన్ని నేను మనసులో రాసుకున్నాను. దొరకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెబుతాను.

మా దొర గడీ దాటితే ముందు ఒక మనిషి ఉరకాలి. ఎడ్లు లాగే కచ్చడం బండిలో పోయిన తాతల నాటి నుంచి ఉన్న ఆచారం. కంకర రోడ్డు చేరేదాకా మూడు మైళ్లు, దారిలో నాలుగు గూడేలు. "దొర వస్తుండు, తొవ్వ ఇడువుండ్రి" అని కేకలేసుకుంటూ ఆ మనిషి ముందు ఉరుకుతుంటే వెనక దొర పోతాడు. జనం లేచి నిలబడాలి, చెప్పులు చేత పట్టుకోవాలి. కచ్చడం పోయి మోటారు వచ్చినా ఆ ఉరుకుడు పోలేదు. హారను ఉంది గదా అని మీరడగొచ్చు. హారనైతే పట్నం సేటు కూడా కొడతాడు. మనిషిని ఉరికించుకోవడం దొరకే చెల్లుతుంది. అదీ లెక్క.

ఆ పని మాదిగవాడలో ఒక ఇంటిది. ఆ ఇంటాయనకు యాభై దాటాయి. మాది వేరే కులమైనా నేను చిన్నప్పటి నుంచి ఆయన్ను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మా నాయిన కొలిమి కాడికి వచ్చి కూర్చుని ఊరందరినీ ఎగతాళి చేసి నవ్వించేవాడు. ఒక్కతే బిడ్డ, పెళ్లయి వెళ్లిపోయింది. ఇంట్లో ఆయనా, నేను అత్తా అని పిలిచే ఆయన భార్యా. మోకాళ్లు రెండూ వాచి గుమ్మడికాయల్లా అయ్యేవి. ఉరికి వచ్చిన రోజు పొద్దుగూకేదాకా దగ్గేవాడు. స్టీరింగు వెనక కూర్చుని ఆ వీపును చూస్తూ మోటారు నడపడం నాకు నరకంగా ఉండేది. నేను చూడని తప్పులు చాలా ఉన్నాయి గడీలో, ఇది మాత్రం అద్దంలోంచి రోజూ కనిపించేది.

రెండు బండ్లనూ మామ వెనకే నడిపి చూశాను గదా, అక్కడ దొరికింది నాకు కిటుకు. చిన్నది మొదటి గేరులో మూడు మైళ్లూ మామ వెనక చల్లగా నడిచింది. పెద్దది అలా కాదు. జోరుగా పోతేనే దాని ఇంజను చల్లబడుతుంది. మనిషి అడుగులో నడిపితే మైలు తిరగకుండానే నీళ్లు మరిగి ముందు నుంచి పొగలు కక్కింది. మామ వెనక్కి తిరిగి చూసి, రొప్పుతూనే నవ్వాడు. "ఏమాయె అల్లుడా? నీ మోటరు కంటె నా దమ్మే నయమున్నది గద!"

అప్పుడే అనుకున్నాను. పెద్దదాన్ని ఉంచుకునేలా చేస్తే ఇంక ఈ ఉరుకుడు సాగదు. మోటారును మరగబెట్టుకోవడమో మనిషిని మానుకోవడమో, దొర ఏదో ఒకటి తేల్చుకోవాలి. అన్ని రూపాయలు పోసిన మోటారును ఎవడు పాడు చేసుకుంటాడు? నాకు ఆ రెండింట్లో ఏది ఉండాలన్నది మామ మోకాళ్ల మాట అయిపోయింది. అంతకంటే ఇంకేమీ కాదు.

పదిహేనో రోజు దొర వరండాలో కూర్చుని అడిగాడు. నేను చేతులు కట్టుకుని పెద్దదాన్ని పొగిడాను. మీ హోదాకు ఎనిమిది సిలిండర్లే సరి అన్నాను. ఏడుగురు చుట్టాలు, రెండు దుప్పులు, తోలు సీట్లు, అన్నీ ఏకరువు పెట్టాను. వెడల్పు మడ్‌గార్డుల అందం కూడా చెప్పాను, నా నోరు పడిపోను. ఇసుక సంగతి, పెట్రోలు సంగతి మెల్లగా దాటేశాను. బ్రేకుల సంగతి మింగేశాను. "అయితే ఒక్క మాట దొరా, ఇది ఉరికే మోటరు. మెల్లగ నడిపితే ఇంజను ఖరాబైతది" అన్నాను. దొర మీసం దువ్వుకుని "ఉరికించు మరి" అన్నాడు. దళారి చిన్నదాన్ని తోలుకుపోయాడు.

నేను అనుకున్నట్టే అయింది. ఒకటి రెండుసార్లు మామను ఉరికించి, పొగలు చూసి, దొర విసుక్కుని మానేశాడు. మామ ఇంటి ముందు కూర్చుని మోకు పేనుకునేవాడు. మోకాళ్ల వాపు దిగింది. అత్త ఒకనాడు మా ఇంటికి సజ్జ రొట్టెలు పంపింది. "నీ కడుపు సల్లగుండ అల్లుడా, ముసలితనంల నడువనిస్తివి" అన్నాడు మామ. నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండు నెలలు మురిశాను.

తరవాత దొరల మీద తిరగబడే సంగం మా ఊళ్లోకీ వచ్చింది. నిన్నటిదాకా నేల చూసిన మనుషులు తలెత్తారు. ఇంక వెట్టి చెయ్యం పొమ్మన్నారు. దొర ధాన్యం కొట్లు బద్దలయ్యాయి. రోడ్ల మీద చెట్లు కొట్టి పడేస్తున్నారు, కందకాలు తవ్వుతున్నారు. పోలీసులు వచ్చి గడీలో డేరాలు వేశారు. ఒక మధ్యాహ్నం మానుకోట నుంచి వస్తుంటే ఒక గూడెం కాడ పెద్దదాని మీద రాళ్ల వాన కురిసింది. అద్దం పగిలింది, కర్ర పలకలు సొట్టలు పోయాయి. దొర సీటు కింద నక్కి కూర్చున్నాడు. అది చూసి లోలోపల నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఒక్క పూటే ఉంది.

మర్నాడు పొద్దున దొర మోటారు చుట్టూ తిరిగి ముందు కాడ ఆగాడు. మడ్‌గార్డు మీద చేత్తో తట్టాడు. "ఇక్కడ మనిషి కూసుంటడారా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "కూసుంటడు దొరా, వెడల్పే గద" అన్నాను. బండి గురించి ఎవరేమడిగినా టక్కున జవాబు చెప్పే జబ్బు నాది. ఛీ, ఏం బతుకు!

"అయితే వాణ్ని పిలువు. ఉరికేటోణ్ని. వాళ్లోని మీద వాళ్లే రాళ్లేసుకుంటరా, చూద్దాం."

"దొరా, జోరు మీద పడిపోతడేమో" అని ఏదో గొణిగాను. దొర నా వంక చూడను కూడా చూడలేదు. పక్కన తుపాకులతో పోలీసులు బీడీలు తాగుతున్నారు. మామను తెచ్చారు. సంగం వెట్టి వద్దన్నది గదా అంటే ఎవరితో అంటాడు? గడీ నిండా పోలీసులే. మామ మడ్‌గార్డు ఎక్కి కూర్చున్నాడు. నా వంక చూసి, "ఉరుకుడు తప్పిందనుకుంటి. గిప్పుడు కూసునుడు వచ్చె" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

రాళ్లు ఆగిపోయాయి. రాయెత్తిన చెయ్యి మామను చూసి దిగిపోయేది. దొరకు హుషారొచ్చింది. "మంచి మోటరు చెప్పినవురా. ఆ చిన్నదానికి ఈ సౌలతు లేకుండె" అని నా భుజం తట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మామ మాత్రం నాలుగు రోజులకు ఎగతాళి మానేశాడు. దిగాక నేల మీద కూర్చుని మోకాళ్లు రాసుకునేవాడు. "ఉరికినప్పుడు నా కాళ్లు నా చేతిలుండె అల్లుడా. గిప్పుడు నీ చేతిలున్నయి. జర చూసి పోనియ్" అన్నాడు ఒకసారి. మెల్లగా పోతానని మాటిచ్చాను. మెల్లగా పోతే ఇంజను మరుగుతుందని దొర వెనక నుంచి తిట్టేవాడు. ఆ ముక్క దొరకు నేర్పింది నేనే కదా.

పదో రోజో పన్నెండో రోజో. మానుకోట దారిలో పట్టపగలు పోతున్నాం. ఒక ఊరి చివర చేలల్లో జనం గుంపు కనిపించింది, చేతుల్లో కట్టెలున్నాయి. "ఆపకు! ఉరికించు, ఉరికించు!" అని దొర నా సీటు మీద గుద్దుతున్నాడు. ఉరికించాను. మలుపు తిరిగితే వాగుకు ఇవతల రోడ్డుకు అడ్డంగా కొత్త కందకం, పచ్చి మట్టి. జానెడు తప్పించే చోటు లేదు. రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. బండి పక్కకు లాగుతూ పోతూనే ఉంది. చిన్నదైతే ఆగేది. కందకానికి పది గజాల ముందే ఆగేది. ఆ క్షణంలో కూడా నాకు ఆ లెక్క తెలుస్తూనే ఉంది. మామ ఒకసారి వెనక్కి తిరిగాడు. మోటారు ముందు భాగం కందకంలో దిగి కూర్చుంది, ఆయన దాని కింద ఉన్నాడు.

చేలల్లోని గుంపే ఉరికొచ్చింది. దొరను కొడతారనుకున్నాను. పోలీసులు ఎక్కిన లారీ వెనక నుంచి రావడంతో వాళ్లు ఆగిపోయారు. అయినా నలుగురు యువకులు తుపాకుల ముందే కందకంలోకి దిగి నాతో పాటు బండి ఎత్తారు. వాళ్లు తవ్విన కందకమే అది. ఒకడు ఏడుస్తూ, "పెద్దయ్య ముందట కూసుంటడని మాకు తెల్వదన్నా" అన్నాడు. మామకు ఇంకా ప్రాణం ఉంది. నడుము కింద ఏమీ మిగల్లేదు. లారీ తాడు కట్టి మోటారును పైకి లాగారు, ఇంజను బాగానే ఉంది. నేను సీట్లు మడిచాను. "దొరా, మానుకోట దవాఖాన దగ్గర్లనే ఉన్నది. ఎనక పండవెడితే గంట పట్టదు" అన్నాను. చేతులు జోడించాను. దొర తోలు సీట్ల వంక చూశాడు, మామ కింద తడిసిన మట్టి వంక చూశాడు.

"ఎడ్లబండి కట్టిచ్చి తీసుకపోండ్రి. మోటరంత ఖరాబైతది."

ఎడ్లబండి వచ్చేసరికి మామ పోయాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన ఒక్క తిట్టు తిట్టినా నాకు బాగుండేది.

ఆ సాయంత్రమే పూడ్చిపెట్టారు. నేను పోయాను, దూరంగా నిలబడ్డాను. అత్త నా దగ్గరికొచ్చి, "నువ్వేం జేస్తవు అల్లుడా, నౌకరి మనిషివి" అని నన్నే ఓదార్చింది. ఆమెకు బ్రేకుల సంగతి తెలీదు. పెద్దది ఉంచమని చెప్పింది నేనేనని తెలుసు గాని, దాన్ని ఆమె మేలు కిందే జమ వేసుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. ఇప్పటికీ ఆ నోరు మూసుకునే ఉంది, ఈ కాగితం మీద తప్ప.

మూడో రోజుకు మోటారు బాగు చేశాను. వంగిన ఇనుము నాయిన కొలిమిలోనే సాపు చేశాను. దొరకు జనగామ పోయి రైలెక్కాలి. పట్నంలో ఉండిపోదామని సామాను కట్టించాడు. పొద్దున్నే గడీ మనిషి మాదిగవాడకు పోయి, పని ఆ ఇంటిది కాబట్టి ఇంట్లో ఎవరుంటే వాళ్లు రావాలని చెప్పి వచ్చాడు. ఇంట్లో ఎవరున్నారో వాడికి తెలీదా? తెలుసు. దొరకూ తెలుసు.

అత్త వచ్చింది. చేతులకు గాజులు లేవు. కొంగు నడుముకు బిగించుకుని మోటారు ముందు నిలబడింది.

"నువ్వెందుకొచ్చినవ్ అత్తా?" అన్నాను.

"ఇంకెవలున్నరు అల్లుడా? రమ్మంటిరి, వచ్చిన."

దొర వెనక సీట్లో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. తాళం నా చేతిలోనే ఉంది. విసిరి బావిలో పడేసి ఉండొచ్చు. నేను నడపను అని ఉండొచ్చు. కొడితే కొట్టేవాళ్లు, చంపితే చంపేవాళ్లు. ఎనిమిది రోజుల తరవాత నేను పారిపోయి సంగంలో కలిశాను, తుపాకీ పట్టాను, జైలుకు పోయాను. అంత ధైర్యం ఎనిమిది రోజుల తరవాత ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఆ పొద్దున మాత్రం రాలేదు.

అత్త మడ్‌గార్డు మీద కాలు పెట్టింది, జారింది, మళ్లీ పెట్టి ఎక్కి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. తల తిప్పి నన్ను చూసింది.

"మీ మామ ఏడ పట్టుకునేటోడు అల్లుడా?"

నేను ముందుకు పోయి, ఆమె చెయ్యి తీసుకుని, లైటు కింద ఉండే ఇనుప కడ్డీ మీద పెట్టాను. "గట్టిగ పట్టుకో అత్తా" అన్నాను. తరవాత వచ్చి సీట్లో కూర్చుని మోటారు స్టార్టు చేశాను.